ఇంటి కరెంటు డైరీ: 9.4 యూనిట్ల దగ్గర మొదలుపెట్టి

ఇంట్లో కరెంటు వాడకం తగ్గించే పని ఎందుకు మొదలుపెట్టానో రాయను. బిల్లు చూసి ఒక్కసారైనా ఉలిక్కిపడని ఇల్లు ఉండదు. ఇదే పని చేద్దామనుకునేవాళ్లకు నేను ఎక్కడెక్కడ తప్పులో కాలేశానో తెలిస్తే కనీసం నాలుగు వారాలు మిగులుతాయి. అందుకే రాస్తున్నాను.

ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, మా అత్తగారు, పదిహేనేళ్ల మా వాడు. వంట గ్యాస్ మీద, కాబట్టి ఈ లెక్కలో పొయ్యి రాదు. కొత్త ఫ్రిజ్ కొనడం, సోలార్ పెట్టించడం లాంటివి ఈ పనిలో పెట్టుకోలేదు. ఉన్న వస్తువులు ఉన్నట్టే ఉంటాయి, వాడే తీరు మాత్రం మారుతుంది. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను: మీటరు మీద కనపడకపోతే తగ్గినట్టు కాదు. ఈ రెండో నియమమే తర్వాత నా పరువు తీసింది. అది చివర్లో వస్తుంది.

దశ 0: ఆధారం, అంటే ఏమీ మార్చకముందు ఎంత వాడుతున్నామో (రోజు 1–19)

వాడిన పనిముట్లు: ఇంటి కరెంటు మీటరు, సాకెట్టులో పెట్టి దాని మీద వస్తువు ప్లగ్గు పెట్టే చిన్న వాట్ మీటరు, వంటింటి థర్మామీటరు, ఫోన్లో స్టాప్‌వాచ్, బకెట్టు, నోటు పుస్తకం. ఒక క్లాంప్ మీటరు అరువు తెచ్చాను. అది తేకుండా ఉండాల్సింది.

మొదటి ఐదు రోజుల రీడింగులు చెత్తబుట్టలో వేశాను. ఒకరోజు 7.1 యూనిట్లు, మర్నాడు 12. మొదటి రోజు పొద్దున చూసి, రెండో రోజు ఇంకా ముందే చూసి, మూడో రోజు మధ్యాహ్నం గుర్తొస్తే చూస్తే ఇలాగే వస్తుంది. ఒక 'రోజు'లో ఇరవై గంటలున్నాయి, ఇంకోదానిలో ముప్ఫై.

ఆరో రోజు నుంచి:

1. ప్రతి రాత్రి పది గంటలకు మీటరు ఫోటో తీయడం. ఫోటోలో టైము కూడా ఉంటుంది కాబట్టి మరిచిపోయినా దొరుకుతుంది.
2. పక్కన ఇంట్లో ఉష్ణోగ్రత, ఎవరైనా ఊరెళ్లారా, చుట్టాలు వచ్చారా అన్నది రాయడం.
3. ఈ పద్నాలుగు రోజులూ ఎవరికీ ఏమీ చెప్పకపోవడం.

మూడోది ముఖ్యం. చెబితే అప్పటినుంచే స్విచ్చులు కట్టేయడం మొదలవుతుంది, ఆధారం చెడిపోతుంది.

పద్నాలుగు రోజులకు 131.6 యూనిట్లు. రోజుకు సగటు 9.4.

దశ 1: అందరూ బయటికెళ్లాక ఇల్లు ఎంత తింటోంది? (రోజు 20–27)

వాట్ మీటరు లేకపోయినా ఈ పని చేయొచ్చు. ఇంటి మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది, పక్కన ఒక అంకె రాసి ఉంటుంది. మాదాని మీద 3200. అంటే ఒక యూనిట్ ఖర్చయ్యేలోపు ఆ లైటు 3200 సార్లు మెరుస్తుంది. లెక్క ఇలా:

1. 36,00,000 ని (ఒక యూనిట్ అంటే అన్ని వాట్-సెకన్లు) మీ మీటరు మీది అంకెతో భాగించండి. 3200 అయితే 1125 వస్తుంది. 1600 అయితే 2250.
2. రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లో చూడండి. ఒక్కదాన్ని నమ్మకుండా పది మెరుపులకు సమయం తీసి పదితో భాగించండి.
3. 1125 ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు.

అందరూ బయటికెళ్లాక ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ ఆపి చూశాను. 7.5 సెకన్లకొక మెరుపు, అంటే 150 వాట్లు. గుండె ఆగినంత పనైంది. కాసేపు మీటరు ముందే నిలబడ్డాను. పది నిమిషాలకు ఉన్నట్టుండి మెరుపు నెమ్మదించి 18.1 సెకన్లకు వచ్చింది. వంటింట్లోకి వెళ్లి చూస్తే ఫ్రిజ్ మోత ఆగింది. దాని కంప్రెసర్ తిరుగుతుండగా కొలిచానన్నమాట. ఫ్రిజ్ పోగా మిగిలింది 62 వాట్లు. రోజంతా అయితే దాదాపు 1.5 యూనిట్లు, అదీ ఎవరూ ఏమీ వాడకుండానే.

ఆ 62 వాట్లు ఎవరివో వెతకడానికి క్లాంప్ మీటరు వాడాను. వైరు చుట్టూ పెడితే ఆంపియర్లు చూపిస్తుంది, వాటిని 230 వోల్టులతో గుణిస్తే వాట్లు వస్తాయనుకున్నాను. ఇన్వర్టరు 0.2 ఆంపియర్లు చూపించింది. 46 వాట్లని రాసుకున్నాను. ఇలా ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయి కలిపితే 118 వచ్చింది. మొత్తం 62 అయినప్పుడు భాగాలు కలిపితే 118 ఎలా అవుతుంది?

రెండు రోజులు కూడికే తప్పనుకున్నాను. కూడిక సరిగ్గానే ఉంది. ఛార్జరు, ఇన్వర్టరు లాంటివి వోల్టేజీతో అడుగు కలిపి కరెంటు లాగవు. కాబట్టి ఆంపియర్లని వోల్టులతో గుణిస్తే వచ్చేది అసలు వాట్లు కాదు, అంతకంటే పెద్ద అంకె. అసలుకీ దానికీ ఉన్న నిష్పత్తినే పవర్ ఫ్యాక్టర్ అంటారు. ఇన్వర్టరుకి అది 0.4 దాకా పడిపోయింది. 46 అనుకున్నది నిజానికి 18. ఇంటి మీటరు లెక్కేసేది ఆ 18నే. క్లాంప్ మీటరు ఎవరిది వాళ్లకు ఇచ్చేశాను.

వాట్ మీటరుతో మళ్లీ కొలిస్తే: ఇన్వర్టరు 18, సెట్‌టాప్ బాక్స్ 13, పాత మ్యూజిక్ సిస్టం 9, రూటరు 8, కంప్యూటరు మూల (మానిటరు, స్పీకర్లు, ప్రింటరు, అన్నీ 'ఆపేసి' ఉండగా) 7, మైక్రోవేవ్ గడియారం 3, టీవీ 0.4. కలిపితే 58.4. మిగిలిన మూడున్నరలో కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మరు ఉంది, తక్కినది వదిలేశాను.

సెట్‌టాప్ బాక్స్ సంగతి చూడండి. రిమోటుతో ఆపితే లైటు రంగు మారుతుంది. నడుస్తుంటే 14 వాట్లు, 'ఆపితే' 13. టీవీ మాత్రం 0.4 దగ్గర బుద్ధిగా ఉంది. స్టాండ్‌బైని, అంటే ఆపేశాక కూడా వస్తువు లాగే కరెంటుని, ఒక్క వాట్‌కు తేవాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ప్రతిపాదించింది, ఐరోపా సమాఖ్య 2013 నుంచి చాలా వస్తువులకు అర వాట్ పరిమితి పెట్టింది. ఆ తర్వాతి టీవీలు మంచివి. మా మ్యూజిక్ సిస్టం అంతకు ముందుది, 9 వాట్లు ఊరికే తాగుతోంది.

గుర్తుంచుకోవలసిన అంకె: ఏడాది పొడుగునా 1 వాట్ నడిస్తే 8.76 యూనిట్లు.

ఫోన్ ఛార్జర్ల మీద మూడు వారాల పాటు ఇంట్లో జరిగిన గొడవ కూడా ఇక్కడే చెప్పాలి. ఫోన్ తీసేశాక ఛార్జరు సాకెట్టులోనే ఉంటే కరెంటు పోతుందని నేను వెంటపడ్డాను. మీటరులో పెడితే 0.0. చిన్న మీటర్లకు అంత తక్కువ తెలియదని, ఆరు ఛార్జర్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి కొలిచాను. ఆరూ కలిపి 0.5 వాట్లు. ఏడాదికి నాలుగున్నర యూనిట్లు కూడా కాదు. మా వాడు ఆ అంకెని ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాడు. నాకు అక్షింతలు బాగానే పడ్డాయి.

దశ 2: ఊరికే తాగేవాటిని కట్టేయడం (రోజు 28–45)

మొదటి ప్రయత్నం: టీవీ, సెట్‌టాప్, మ్యూజిక్ సిస్టం మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీదికి మార్చి, టీవీ చూడటం అయ్యాక బాక్సు స్విచ్ ఆపడం. సెట్‌టాప్ మళ్లీ మేలుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుందని అప్పటిదాకా తెలియదు. మా అత్తగారి సీరియల్ మొదలైపోయాక బొమ్మ వచ్చింది. "అమ్మాయీ, నువ్వు కరెంటు మిగిల్చావు, నేను సగం కథ పోగొట్టుకున్నాను" అన్నారు. నాలుగో రోజుకల్లా బాక్సు స్విచ్ ఎవరూ ముట్టుకోవడం లేదు.

రెండో ప్రయత్నం: గుండ్రంగా తిరిగే టైమర్ సాకెట్టు. రాత్రి పదిన్నరకు ఆపి పొద్దున ఆరున్నరకు వేస్తుంది. నాలుగు రోజులు బాగానే నడిచింది. తర్వాత కరెంటు పోయినప్పుడల్లా అది కూడా ఆగిపోవడం, కరెంటు వచ్చాక ఆగిన చోటు నుంచే తిరగడం మొదలైంది. మూడు కోతల తర్వాత గంటా యాభై నిమిషాలు వెనకబడింది. రాత్రి పదిన్నరకు ఆపాల్సింది పన్నెండు దాటాక ఆపేది, పొద్దున ఎనిమిదింటికి కూడా వేసేది కాదు. పైగా అదే ఒక వాట్ తింటోంది. తీసేశాను.

మూడో ప్రయత్నం, ఇప్పటికీ నడుస్తున్నది:

1. మ్యూజిక్ సిస్టంని వేరే స్విచ్ మీదికి మార్చి ఆపేశాం. కావాలన్నప్పుడే వేస్తాం. రోజుకు సగటున రెండు గంటలు.
2. టీవీ, సెట్‌టాప్ బాక్సు స్విచ్‌ని గోడ కింద నుంచి తీసి, హాలు లైటు స్విచ్ పక్కన నిలువుగా బిగించాం. రాత్రి హాలు లైటు ఆపి పడుకునేది మా అత్తగారే. ఆ చేత్తోనే ఇదీ ఆపుతారు. పొద్దున అందరికన్నా ముందు లేచేదీ ఆవిడే, వేసేదీ ఆవిడే.
3. కంప్యూటరు మూలకి ఒకే స్విచ్, కుర్చీలో కూర్చుంటే చేతికందేలా బల్ల అంచున.

ఎవరికీ ఏదీ గుర్తు చేయనక్కర్లేదు. ఇది పనిచేయడానికి కారణం అదే. తర్వాతి దశల్లోనూ ఇదే అనుభవం మళ్లీ మళ్లీ ఎదురైంది.

రూటరు రాత్రి ఆపాలని మా ఆయన పట్టుబట్టారు. ఎనిమిది గంటలకు 0.06 యూనిట్లు మిగలాలి. వారంలో మూడు రోజులు మరిచిపోయారు, రెండు రోజులు పొద్దున వేయడం మరిచిపోయారు. వదిలేశాం. ఇన్వర్టరు జోలికి వెళ్లలేదు, అది చేసే పని అదే.

మిగిలింది: మ్యూజిక్ సిస్టం, సెట్‌టాప్ కలిపి 0.30, కంప్యూటరు మూల 0.14.
ఇప్పటిదాకా: రోజుకు 0.44 యూనిట్లు.

దశ 3: ఫ్రిజ్ (రోజు 40–70)

ఫ్రిజ్ ఎంత వాడుతుందో గంటసేపు కొలిచి ఇరవై నాలుగుతో గుణించకండి. కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది, మధ్యలో మంచు కరిగించుకోవడానికి హీటరు కూడా వేసుకుంటుంది. నేను ఒక్కోరోజు చొప్పున కొలిస్తే 1.9, 1.6, 2.1 వచ్చాయి. అందుకే ప్రతి మార్పుకీ మూడు రోజులు. మార్పుకు ముందు సగటు 1.86.

లోపల ఎంత చల్లగా ఉందో తెలుసుకోవడం:

1. మధ్య అరలో గ్లాసు నీళ్లు పెట్టి అందులో థర్మామీటరు ముంచి రాత్రంతా వదిలేయాలి. గాలిలో వేలాడదీస్తే తలుపు తీయగానే అంకె మారిపోతుంది.
2. ఫ్రీజరులో అయితే గడ్డకట్టిన పొట్లాల మధ్య దూర్చాలి.

మాది 1.5 డిగ్రీలు, ఫ్రీజరు మైనస్ 23. ఉండాల్సింది నాలుగు దాటకుండా, ఫ్రీజరు మైనస్ 18. లోపలి మీట 5 మీద ఉంది. మా ఆయన ఇన్నేళ్లూ అది ఐదు డిగ్రీలనుకున్నారు. అది డిగ్రీలు కాదు, ఎంత గట్టిగా చల్లబరచాలో చెప్పే అంకె. పెద్ద అంకె అంటే ఎక్కువ చలి. మీట 3కి తిప్పితే మర్నాటికి గ్లాసులో 4, ఫ్రీజరులో మైనస్ 18.5. మూడు రోజుల సగటు 1.58.

తర్వాత గోడకు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని ఎనిమిది సెంటీమీటర్లు ముందుకు లాగి, ప్లగ్గు తీసి, వెనక జాలీకి పట్టిన దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపాను. 1.50.

తలుపు రబ్బరు: ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగితే పట్టుకోవాలి. కింద మూలలో కాగితం జారిపోతోంది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరుతో దూరం నుంచి కాస్త వేడిచేసి చేత్తో సాగదీశాను. కాగితం పట్టుకుంది. మూడు రోజుల సగటు చూస్తే 1.31!

రబ్బరు మహిమ అని ఇంట్లో అందరికీ చెప్పాను. పుస్తకంలో ఉష్ణోగ్రతల వరస చూశాక నోరు మూసుకున్నాను. ఆ మూడు రోజులూ వాన. వంటింట్లో 31 డిగ్రీలుండేది 27కి పడింది. వాన తగ్గి మళ్లీ 31కి వచ్చాక కొలిస్తే 1.47. అంటే రబ్బరు వల్ల నిజంగా వచ్చింది 0.03, అది కొలతలో తేడా కూడా కావొచ్చు. ఈ పుస్తకంలో ఉష్ణోగ్రత రాసే గడి లేకపోయి ఉంటే, ఫ్రిజ్ రబ్బరు గురించి నేను ఈపాటికి అందరికీ ఉపన్యాసాలిస్తూ ఉండేదాన్ని.

తలుపు తీయడం తగ్గిద్దామని ఒక వారం గీతలు పెట్టించాను. రోజుకు 41 సార్లు. బతిమాలితే 28కి వచ్చింది. ఖర్చులో తేడా కొలవడానికి దొరకలేదు. దొరకని దానికోసం ఇంట్లోవాళ్లని సతాయించడం దండగ, గీతల కాగితం పీకేశాను.

1.86 నుంచి 1.47.
ఇప్పటిదాకా: 0.44 + 0.39 = 0.83 యూనిట్లు.

దశ 4: స్నానం నీళ్లు (రోజు 60–88)

దీంతో మొదలుపెట్టాల్సింది. ఛార్జర్లతో మొదలుపెట్టాను.

మాది పదిహేను లీటర్ల గీజర్, 2000 వాట్లు. దీన్ని చిన్న వాట్ మీటరులో పెట్టకూడదు, అది అంత కరెంటు మోయలేక కాలిపోతుంది. ఇంటి మీటరులో పాయింటు తర్వాత రెండంకెలు కనిపిస్తాయి కాబట్టి, గీజర్ వేయకముందు ఒకసారి, ఆపాక ఒకసారి రీడింగ్ తీసి, ఆ సమయంలో నడిచిన మిగతావి తీసేశాను. వారం సగటు 2.6 యూనిట్లు. ఇంటి మొత్తంలో పావు వంతు కన్నా ఎక్కువ, పొద్దున మూడు గంటల్లో.

ఇప్పుడు కాగితం మీద లెక్క. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్-గంటలు. ఇది ఏ గీజరుకైనా, ఏ ఇంటికైనా ఒకటే.

1. కుళాయి నీళ్లు 25 డిగ్రీలు, స్నానానికి 40 చాలు. తేడా 15.
2. ఇరవై లీటర్ల బకెట్టుకు: 20 × 15 × 1.163 = 349, అంటే 0.35 యూనిట్లు. పెద్దవాళ్లం ముగ్గురికీ 1.05.
3. మా వాడిది షవర్. బకెట్టు కింద పెట్టి స్టాప్‌వాచ్‌తో చూస్తే నిమిషానికి 9 లీటర్లు. ఆరు నిమిషాలకు 54 లీటర్లు, 0.94 యూనిట్లు.

కలిపితే రెండు యూనిట్లు. మరి 2.6 ఎందుకు? గీజర్ వరసగా మూడు గంటలు వేసే ఉంటుంది. చివరి మనిషి స్నానం చేసి బయటికి రాగానే అది మళ్లీ పదిహేను లీటర్లనూ వేడి చేసి పెడుతుంది, మర్నాటిదాకా ఎవరికీ అక్కర్లేని నీళ్లని. 65 డిగ్రీలకు అంటే 15 × 40 × 1.163, దాదాపు 0.7 యూనిట్లు. సాయంత్రానికి సగం చల్లారుతుంది.

మొదట చేసిన పని థర్మోస్టాట్‌ని (నీళ్లు ఎంత వేడెక్కాక ఆగాలో చెప్పే మీట) 65 నుంచి 45కి దింపడం. అంకె బాగా తగ్గింది. కానీ రెండు రోజులకు వెనక్కి తీసుకుని 60 దగ్గర పెట్టాను. నిల్వ ఉన్న గోరువెచ్చని నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా 25 నుంచి 45 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, ఆ నీటి తుంపర పీలిస్తే న్యుమోనియా వస్తుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 'అమెరికన్ లీజియన్' అనే మాజీ సైనికుల సంఘం సమావేశానికి వచ్చినవాళ్లలో బయటపడింది, పేరు కూడా అలాగే వచ్చింది. వేడినీళ్లు 60 డిగ్రీల దగ్గర నిల్వ చేయాలనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. 0.1 యూనిట్ కోసం ఆ టెన్షన్ ఎందుకు?

కాబట్టి వేడి కాదు, వేసి ఉంచే సమయం తగ్గించాలి. 25 నుంచి 60కి పదిహేను లీటర్లు వేడెక్కడానికి ఈ గీజరుకి పద్దెనిమిది నిమిషాలు చాలు. ముగ్గురి బకెట్లూ అయ్యాక ఆపేద్దామనుకున్నాం. మొదటి రోజు తొందరపడి ఆపితే చివర వెళ్లిన నాకు సగం బకెట్టుకే వేడినీళ్లు వచ్చాయి. మా వాడికి ఫోన్లో నాలుగు నిమిషాల అలారం పెట్టి ఇచ్చాను. తలుపు లోపల అలారం మోగుతూనే ఉంది, షవర్ కూడా.

చివరికి కుదిరింది ఇది: వాణ్ణి ఆఖరున పంపడం. ముగ్గురం అయ్యాక గీజర్ పూర్తిగా వేడెక్కి లైటు ఆరగానే స్విచ్ ఆపేసి, అప్పుడు వాడు వెళ్తాడు. 60 డిగ్రీల పదిహేను లీటర్లను చన్నీళ్లతో కలిపితే 40 డిగ్రీల నీళ్లు ముప్ఫై అయిదు లీటర్లవుతాయి. ఆ షవరుకి నాలుగు నిమిషాలు. అలారం అక్కర్లేదు, నీళ్లే చల్లబడతాయి. అందరి స్నానాలూ అయ్యేసరికి గీజరులో వేడినీళ్లు మిగలవు కూడా. వాడు మొదటి వారం సణిగాడు, రెండో వారం నుంచి ముందు తల రుద్దుకుని తర్వాత షవర్ తిప్పుతున్నాడట.

రెండు వారాల సగటు 1.75.
ఇప్పటిదాకా: 0.83 + 0.85 = 1.68 యూనిట్లు.

దశ 5: ఫ్యాన్లు, లైట్లు (రోజు 75–100)

లైట్ల గురించి ఎక్కువ లేదు. అన్నీ తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలే. ఒకటి మాత్రం: బాల్కనీ లైటు. పాత బల్బు ఉన్నప్పుడు రాత్రి ఆపేవాళ్లం. 'ఎల్‌ఈడీయే కదా' అని ఇది రాత్రంతా వెలుగుతోంది, పదకొండు గంటలు, 0.10 యూనిట్లు. పని చౌకగా అయ్యేకొద్దీ వాడకం పెరుగుతుందని బొగ్గు విషయంలో జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1865లోనే చెప్పాడు. మా బాల్కనీలో రుజువైంది. ఇప్పుడు మళ్లీ రాత్రి ఆపేస్తున్నాం.

ఫ్యాన్ మనిషిని చల్లబరుస్తుంది, గదిని కాదు. మోటారు వేడి వల్ల ఖాళీ గది కాస్త వేడెక్కుతుంది కూడా. అయినా ఖాళీ గదుల్లో తిరుగుతూనే ఉంటాయి. నేను చూసినప్పుడల్లా గీత పెట్టాను:

- మామూలు వారం: 23 సార్లు
- స్విచ్ బోర్డు మీద 'ఆపారా?' అని చీటీలు అంటించిన వారం: 9
- ఆ తర్వాతి వారం, చీటీలు అలాగే ఉండగా: 19

నాలుగైదు రోజులకి చీటీ కూడా గోడలో కలిసిపోతుంది. ఏ గది ఎక్కువసార్లు వస్తోందో చూస్తే సగానికి పైగా ఒక్క పడకగదే. ఆ గదిలోంచి బయటికి వస్తూ చూస్తే అర్థమైంది: తలుపు తెరిచి ఉంటే స్విచ్ బోర్డు తలుపు వెనక పడుతుంది. ఆపాలంటే తలుపు మూసి, ఆపి, మళ్లీ తెరిచి వెళ్లాలి. అంత ఓపిక ఎవరికీ లేదు, నాకూ లేదు. తలుపు గోడకు పూర్తిగా ఆనకుండా ఆపే చిన్న చెక్క దిమ్మ నేల మీద బిగించాం, చెయ్యి దూరేంత సందు వచ్చింది. తర్వాతి వారం 6 సార్లు. చీటీలు పీకేశాను.

ఒక్కోసారి సగటున గంటన్నర వృథా అనుకుంటే రోజుకు 0.25. ఆ గంటన్నర నా అంచనా, కొలిచింది కాదు. గుర్తు పెట్టుకోండి.

ఇదే గదిలో ఇంకోటి బయటపడింది. రెగ్యులేటరు పాత రకం, పెద్ద డబ్బాలాంటిది. ఫుల్ మీద 72 వాట్లు, నెమ్మదిగా తిప్పినా 53. తగ్గించిన వేగానికి తగ్గట్టు కరెంటు తగ్గకుండా డబ్బాలోనే వేడిగా పోతోంది, ముట్టుకుంటే తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు వేయించాక అదే వేగానికి 33. రాత్రి తొమ్మిది గంటలకు 0.18. ఇది అలవాటు కాదు, ఒక్కసారి చేసే పని. 'ఉన్న వస్తువులే' అన్న నా నియమం కూడా ఇక్కడ కొంచెం వంగింది.

ఇప్పటిదాకా: 1.68 + 0.25 + 0.18 + 0.10 = 2.21 యూనిట్లు.

దశ 6: చిల్లర (రోజు 95–112)

వాషింగ్ మెషీన్: 40 డిగ్రీల ప్రోగ్రాం ఒక వాయికి 0.62, చన్నీళ్లది 0.14. తిప్పడానికి అయ్యేది తక్కువే, నీళ్లు కాచుకోవడానికే అంతా. వారానికి మూడు వేడి వాయిలనూ చన్నీళ్లకు మార్చాను. రెండో వారానికి తువాళ్లు ముక్క వాసన. తువాళ్లు, దుప్పట్లు వారానికొకసారి వేడి నీళ్లలోనే వెయ్యాలని తీర్మానం. మారింది రెండు వాయిలే, రోజుకు 0.14.

కెటిల్: రెండు కప్పులకని 1.2 లీటర్లు నింపి మరిగిస్తున్నాం, ఒక్కోసారి 0.125 యూనిట్లు. అచ్చంగా రెండు కప్పులే పోద్దామంటే కెటిల్ మీద కనీస గీత అర లీటరు దగ్గరుంది. దాని కింద పోస్తే నీళ్లు మరగకముందే ఆగిపోతోంది. అర లీటరుకి 0.055. రోజుకు మూడుసార్లు, 0.21. కెటిల్‌ని కుళాయి కింద పెట్టి నింపడం మాని, పక్కనే ఉన్న అర లీటరు గ్లాసుతో పోస్తున్నాం. కుళాయి కింద పెడితే చెయ్యి ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు.

ఇస్త్రీ వారానికొకసారి చేస్తే ఎంత మిగులుతుందో కొలవాలని అనుకుంటూనే ఉన్నాను.

ఇప్పటిదాకా: 2.21 + 0.14 + 0.21 = 2.56 యూనిట్లు.

సరిచూడటం (రోజు 113–126)

మళ్లీ పద్నాలుగు రాత్రులు, పది గంటలకు ఫోటో. కాగితం ప్రకారం 9.4 – 2.56, అంటే 6.84 రావాలి.

వచ్చింది 102.2 యూనిట్లు. రోజుకు 7.3. తగ్గింది 2.1, పుస్తకం చెప్పిన 2.56 కాదు. రోజుకు 0.46 యూనిట్లు నేను మిగలకుండానే మిగిలాయని రాసుకున్నాను.

ఎక్కడ పోయిందో వెతికితే దొరికినవి:

1. ఫ్యాన్ల గంటన్నర అంచనా ఎక్కువ. రెండు రోజులు దగ్గరుండి చూస్తే ముప్పావు గంట. అక్కడే 0.12 పోయింది.
2. మ్యూజిక్ సిస్టం మా వాడు మళ్లీ టీవీ బాక్సులోకి మార్చుకున్నాడు, ఎప్పటినుంచో వాడికే గుర్తు లేదు.
3. గీజర్ వారంలో ఒకట్రెండు రోజులు ఆపడం మరిచిపోతున్నాం. కొలిచిన రెండు వారాలూ నేను దగ్గరుండి ఆపించాను కాబట్టి 1.75 వచ్చింది. ఎవరూ చూడనప్పుడు వచ్చే అంకె వేరు.

ఇంకో నష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మొదటి పద్నాలుగు రోజుల్లో కుళాయి నీళ్లు 25 డిగ్రీలు, ఇప్పుడు 27. రోజుకు తొంభై అయిదు లీటర్ల స్నానం నీళ్లకు రెండు డిగ్రీలంటే 0.22 యూనిట్లు. అది ఎండల పుణ్యం, మాది కాదు. తీసేస్తే మిగిలేది 1.9, మొదటి అంకెలో అయిదో వంతు. ఎవరైనా అడిగితే ఈ అంకే చెబుతున్నాను.

దశ 7: ఏసీ (రోజు 127 నుంచి)

ఎండలు ముదిరాయి, ఏసీ మొదలైంది. దీంతో పాత ఆధారం చెల్లదు. పోయిన నెలతో పోలిస్తే ఏం చేసినా ఓడిపోయినట్టే కనిపిస్తుంది. ఫ్రిజ్ దగ్గర వాన చేసిన మోసం గుర్తుంది కాబట్టి ఈసారి వేరే పద్ధతి:

1. 23 డిగ్రీలు ఒక రాత్రి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుతూ 26 డిగ్రీలు ఒక రాత్రి. ఏ రాత్రి ఏదన్నది నాణెం ఎగరేసి.
2. రాత్రి పదికి, పొద్దున ఆరుకి మీటరు ఫోటో. అర్ధరాత్రి బయటి ఉష్ణోగ్రత కూడా.
3. రెండు రకాలూ పదేసి రాత్రులయ్యేదాకా సగటు తీయకూడదు.
4. మొదలుపెట్టే ముందు ఫిల్టరు కడిగేయాలి. మధ్యలో కడిగితే ఏది దేనివల్లో తెలియదు.

ఆరు రాత్రులయ్యాయి. 23వి నాలుగు, 26వి రెండు. 26 రాత్రుల్లో ఒకదాన్ని కొట్టేశాను, తెల్లవారుజామున మూడింటికి మా ఆయన ఉక్కపోస్తోందని రిమోటు నొక్కారు, పొద్దున అడిగితే గానీ చెప్పలేదు. పుస్తకంలో 'రిమోటు ఎవరైనా నొక్కారా' అని ఒక గడి కొత్తగా గీశాను.